అయిదుగురు, పద్దెనిమిది రాత్రులు: ముందు ఓడ తేదీ చూసుకోండి

ప్రశ్న: అక్కా, నేనూ మావారూ మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. వచ్చి పద్నాలుగు నెలలైంది. వచ్చే సెప్టెంబర్ మొదట్లో మా అమ్మ, నాన్న, మా అత్తయ్య తొలిసారి వస్తున్నారు. అమ్మకు 58, నాన్నకు 64, అత్తయ్యకు 61. పద్దెనిమిది రాత్రులు ఉంటారు. ఇంత దూరం మళ్లీ ఎప్పుడొస్తారో, వీలైనన్ని దేశాలు చూపించాలని మా ఆశ. నేను వేసుకున్న వరస ఇది: మ్యూనిక్, పారిస్, ఇంటర్‌లాకెన్, మిలాన్, రోమ్, వెనిస్, డుబ్రోవ్‌నిక్, బుడాపెస్ట్, వియన్నా, ప్రాగ్, మళ్లీ మ్యూనిక్. కుదిరితే మధ్యలో లండన్. అందరికీ రైలు పాస్ తీసుకుంటే చవకవుతుందా? ఇటలీ నుంచి క్రొయేషియాకు రాత్రి ఓడ ఉందట. అత్తయ్య నర్సాపురం రేవులో పంటు తప్ప ఏ ఓడా ఎక్కలేదు, సముద్రమంటే భయపడుతున్నారు. మావారేమో కారు అద్దెకు తీసుకుందామంటారు, ఇండియా లైసెన్సు ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు. అమ్మ శాకాహారం తప్ప ముట్టదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?
— పేరు వద్దన్న పాఠకురాలు, మ్యూనిక్

సమాధానం:

చెల్లీ,

నీ ఊళ్ల పేర్లన్నీ కాగితం మీద వరసగా రాసి, ఒక్కోదాని పక్కన రాత్రులు వేసుకుంటూ పోయాను. పది ఊళ్లు, ఎనిమిది దేశాలు. లండన్ కలిపితే పదకొండు, తొమ్మిది. పద్దెనిమిది రాత్రుల్లో కనీసం పదిసార్లు ఊరు మారాలి. ఊరు మారడమంటే రైలెక్కి దిగడమే కాదు. పొద్దున్నే పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చేయాలి, స్టేషన్ చేరాలి, ప్లాట్‌ఫారం వెతుక్కోవాలి. దిగాక మధ్యాహ్నం మూడింటికి గాని గది ఇవ్వరు, అందాకా పెట్టెలు పెట్టుకుని ఎక్కడో కూచోవాలి. దగ్గర ఊరైనా సగం రోజు పోతుంది. మ్యూనిక్ నుంచి పారిస్ లాంటి దూరమైతే రోజంతా అయిపోయినట్టే. నీ లెక్కలో వాళ్ల సెలవులో మూడోవంతు పైగా పెట్టెల పక్కనే గడుస్తుంది.

ఇది నేను చేసి చూసిన పనే. వియన్నాలో ఉన్న రోజుల్లో మా అమ్మానాన్నల్ని పన్నెండు రోజుల్లో ఏడు ఊళ్లు తిప్పాను. ఆరో ఊళ్లో స్టేషన్ లిఫ్టు పనిచేయలేదు. నాన్న ఇరవైమూడు కిలోల పెట్టె పట్టుకుని మెట్ల మధ్యలో ఆగిపోయారు. పైకీ పోలేరు, కిందికీ దిగలేరు. ఎవరో కుర్రాడు వచ్చి పెట్టె అందుకున్నాడు. ఆ రాత్రి అమ్మ అంది, "రేపు ఎక్కడికీ వద్దమ్మా, నీ ఇంటికి పోదాం." ఆవిడ అంత దూరం వచ్చింది నేనెలా ఉంటున్నానో చూడ్డానికని నాకు అప్పుడు గాని తట్టలేదు. నీ వరసలో మ్యూనిక్‌కు రెండు రాత్రులే మిగిలాయి. మీ వాళ్లు నువ్వు కూరగాయలు కొనే అంగడి చూడాలి, నీ ఆఫీసు బయట నిలబడి ఫొటో దిగాలి, మీ పక్కింటివాళ్లకు నమస్కారం పెట్టాలి. అందుకే ముందుగా మ్యూనిక్‌కు ఏడు రాత్రులు పక్కన పెట్టేశాను.

నేను వేసిన వరస: మ్యూనిక్‌లో నాలుగు రాత్రులు. అక్కణ్నుంచి పగటి రైల్లో ఆల్ప్స్ దాటి వెనిస్, మూడు రాత్రులు. వెనిస్ నుంచి రైల్లో అంకోనా రేవు, ఆ రాత్రి ఓడలో. తెల్లారేసరికి క్రొయేషియాలో స్ప్లిట్, అక్కడ నాలుగు రాత్రులు. స్ప్లిట్ నుంచి విమానంలో వియన్నా, మూడు రాత్రులు. చివర రైల్లో మ్యూనిక్, మిగిలిన మూడు రాత్రులు మీ ఇంట్లో. నాలుగు దేశాలు, ఊరు మారడం అయిదుసార్లే. రైలు, ఓడ, విమానం మూడూ ఉన్నాయి. కారు సంగతి తర్వాత చెబుతాను.

ఇందులో మొదట చూసుకోవాల్సింది ఓడ తేదీ. రైళ్లు రోజుకు చాలా ఉంటాయి, విమానం ఒకటి కాకపోతే ఇంకోటి. అంకోనా–స్ప్లిట్ ఓడ మాత్రం సెప్టెంబర్‌లో ప్రతి రాత్రీ ఉండకపోవచ్చు. ఓడ సంస్థల వేళల పట్టికలో మీకు సరిపోయే రాత్రి దొరికాక, వెనక్కి లెక్కేసుకుంటూ వెనిస్, ముందుకి లెక్కేసుకుంటూ స్ప్లిట్, వియన్నా తేదీలు కట్టుకో. చాలామంది విమానం టికెట్లు చవగ్గా వచ్చాయని ముందు అవి కొనేసి, తర్వాత ఓడ లేని రోజున రేవులో ఇరుక్కుంటారు. ఏ ప్రయాణంలోనైనా అన్నిటికంటే అరుదుగా నడిచే బండికి ముందు ముడి వేసి, మిగతావి దానికి కట్టాలి.

తీసేసిన వాటి గురించి. పారిస్ ఒక్కటే వేరే ప్రయాణం, నాలుగు రోజులైనా లేకపోతే పోకపోవడమే మేలు. రోమ్ కూడా అంతే. స్విట్జర్లాండ్ ఖర్చు అయిదుగురికి చాలా బరువు. మంచుకొండలు చూపించాలనుంటే మీ ఊరి నుంచే గార్మిష్ వెళ్లండి, గంటన్నర దూరం. జర్మనీలో అన్నిటికన్నా ఎత్తయిన త్సుగ్‌ష్పిట్సె అక్కడే ఉంది, 2,962 మీటర్లు, పైదాకా కేబుల్ కారు వెళుతుంది. లండన్ మాట పూర్తిగా మరిచిపో. ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి షెంగెన్, బ్రిటన్ అందులో లేదు, వాళ్లందరికీ మీ ఇద్దరికీ కూడా వేరే వీసా కావాలి. పైగా పెద్దవాళ్లకు ఒక్కసారి ప్రవేశించే షెంగెన్ వీసా ఇస్తే, లండన్ వెళ్లాక తిరిగి జర్మనీలోకి రావడానికి వీలుండదు. మీ దగ్గర జర్మనీ నివాస కార్డులు ఉన్నాయి గనక మీకు ఈ చిక్కు తెలియదు. వాళ్లకు అదే పెద్ద చిక్కు.

వీసా సంగతి ఇప్పుడే మొదలుపెట్టు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. నా వరసలో జర్మనీ ఏడు, క్రొయేషియా నాలుగు, ఇటలీ మూడు, ఆస్ట్రియా మూడు, ఒక రాత్రి సముద్రం మీద. కాబట్టి జర్మనీ వీసాయే, ఏ అనుమానమూ లేదు. మీరు ఖర్చు భరిస్తామని అక్కడి విదేశీయుల కార్యాలయంలో సంతకం చేసి ఇచ్చే హామీ పత్రం ఉంటుంది, ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అంటారు, రుసుము 29 యూరోలు. అమ్మానాన్నలకు నువ్వు, అత్తయ్యగారికి మీవారు ఇవ్వండి. దానికి అపాయింట్‌మెంటు దొరకడానికే వారాలు పట్టొచ్చు, అందుకని ఈ వారమే అడుగు. వీసా రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, వెనక్కి బయల్దేరే రోజు తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకు అడుగుతారు. నాన్న మోకాళ్లు, ఎవరికైనా బీపీ, షుగర్ ఉంటే అవి దాచకుండా చెప్పి, ముందునుంచీ ఉన్న జబ్బుకు ఎంతవరకు ఇస్తారో కాగితంలో చదివాకే కొనండి.

ఇంకొకటి, మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే చోట ఉండడం మామూలే. విమానం టికెట్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. గడి ఖాళీగా ఉంటే ఎలా నింపాలో ఆ విమాన సంస్థను అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టు. తర్వాత పేరు సరిదిద్దాలంటే కొన్ని చోట్ల టికెట్టంత అడుగుతారు.

2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు మీద ముద్ర వేసే బదులు ఫొటో, వేలిముద్రలు తీసుకునే పద్ధతి మొదలైంది. తొలిసారి వచ్చేవాళ్లకు అక్కడ ఆలస్యమవుతుంది. వాళ్లు మ్యూనిక్‌కు నేరుగా కాకుండా షెంగెన్ దేశాల్లోనే ఇంకెక్కడో దిగి మారాల్సి వస్తే, ఆ తొలి ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది. మధ్యలో మూడు గంటలైనా ఉండేలా టికెట్టు చూడు.

ఇప్పుడు రైళ్లు. పాస్ గురించి అడిగావు. బయటి దేశాలవాళ్లు కొనేది యూరెయిల్, యూరప్‌లో ఉండేవాళ్లు కొనేది ఇంటర్‌రెయిల్. అంటే మీ ఇద్దరికీ ఒక రకం, వాళ్ల ముగ్గురికీ ఇంకో రకం. అరవై దాటినందుకు నాన్నకు, అత్తయ్యకు పది శాతం తగ్గుతుంది, అమ్మకు తగ్గదు. కానీ నా వరసలో దూరపు రైళ్లు మూడే ఉన్నాయి: మ్యూనిక్–వెనిస్, వెనిస్–అంకోనా, వియన్నా–మ్యూనిక్. అన్ని దేశాలకూ చెల్లే పాస్‌లో అతి చిన్నది నెలలో నాలుగు రోజులు తిరిగేది. మూడు ప్రయాణాలకు దాని ధర గిట్టదు. ఇటలీ వేగపు రైళ్లలో పాస్ ఉన్నా సీటుకు విడిగా కట్టాలి. రెండు మూడు నెలల ముందే విడి టికెట్లు కొనుక్కుంటే పాస్ ఖర్చులో సగం కూడా కాకపోవచ్చు. రోజు విడిచి రోజు దూరం పోయేవాళ్లకు, ఏ పూట ఏ ఊరో ముందు తేల్చుకోలేనివాళ్లకు పాస్ పనికొస్తుంది. మీరు ఆ రెండూ కారు.

మన దగ్గర రిజర్వేషన్ అంటే టికెట్టూ సీటూ ఒకటే. జర్మనీ, ఆస్ట్రియా రైళ్లలో టికెట్టు వేరు, సీటు వేరు. టికెట్టుతో బండెక్కవచ్చు, కూచునే చోటు మాత్రం దొరికినదే. కొద్ది యూరోలు ఎక్కువిచ్చి అయిదు సీట్లూ ఒకేచోట, బల్ల ఉన్న చోట పెట్టించు. ఈ ఖర్చులో పొదుపు వద్దు. చవక టికెట్లు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, డబ్బు వెనక్కి రాదు, అదీ గుర్తుంచుకో.

మ్యూనిక్ నుంచి వెనిస్ దారి ఈ మొత్తం ప్రయాణంలో నాకు చాలా ఇష్టమైనది. ఆరున్నర ఏడు గంటలు పడుతుంది. విమానంలో గంట కదా అని మీవారు అంటారు, వినకు. ఇన్స్‌బ్రుక్ దాటాక రైలు సొరంగంలో దూరిపోకుండా కొండ మెలికల వెంట పైకి ఎక్కి, 1,370 మీటర్ల ఎత్తున బ్రెన్నర్ కనుమ దాటుతుంది. 1867లో వేసిన దారి అది. దాని కింద ఇప్పుడు 55 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు, అది తెరిచాక వేగపు రైళ్లకు ఈ కొండదారి ఉండదు. కనుమ దిగాక లోయ పొడవునా యాపిల్ తోటలు, ద్రాక్ష పందిళ్లు. సెప్టెంబర్‌లో కాపు మీద ఉంటాయి. గోదావరి లంకల్లో అరటితోటలు చూస్తూ పెరిగిన అత్తయ్యగారు కిటికీ వదలరు. రోజుకు నేరుగా వెళ్లే బండి ఉంటే అదే తీసుకో. లేకపోతే వెరోనాలో మారాలి. ఆ దారిలో అప్పుడప్పుడు మరమ్మతులకు బండ్లు ఆపి బస్సులు నడుపుతారు, తేదీ ఖాయం చేసేముందు చూసుకో.

జర్మనీ రైళ్లు టంచనుగా నడుస్తాయన్న పేరు పాతది. 2024లో దూరపు రైళ్లలో వేళకు చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల్లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా. అందుకని ఎక్కడ మారినా గంట ఖాళీ ఉంచు. ప్రయాణమంతా ఒకే టికెట్టు మీద కొంటే, మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పినప్పుడు తర్వాతి బండిలో పంపే బాధ్యత రైల్వేది. రెండు ముక్కలుగా కొంటే ఆ హక్కు పోతుంది. గమ్యానికి గంటకు పైగా ఆలస్యమైతే టికెట్టు ధరలో నాలుగోవంతు, రెండు గంటలు దాటితే సగం వెనక్కి అడగొచ్చు.

సాల్జ్‌బుర్గ్ చూడ్డానికి విడిగా రాత్రి ఉండక్కర్లేదు, మ్యూనిక్ నుంచి రెండు గంటల్లోపే. బయర్న్ టికెట్ ఒక్కటి తీసుకుంటే అయిదుగురూ ఆ రోజంతా ప్రాంతీయ రైళ్లలో తిరగొచ్చు, ఆస్ట్రియాలో ఉన్నా సాల్జ్‌బుర్గ్ దాకా చెల్లుతుంది. మీరు సరిగ్గా అయిదుగురే. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిదింటి తర్వాతే ఎక్కాలి, శని ఆదివారాల్లో ఆ నియమం లేదు. వేగపు రైళ్లలో చెల్లదు. గార్మిష్‌కూ ఇదే టికెట్టు, కేబుల్ కారుకు మాత్రం వేరు. మ్యూనిక్ పెద్ద స్టేషన్‌లో 5 నుంచి 10 వరకు ప్లాట్‌ఫారాలు పక్కగా చాలా దూరంలో ఉంటాయి. సాల్జ్‌బుర్గ్ ప్రాంతీయ బండి తరచు అటే ఉంటుంది. నాన్న నడకకు పది నిమిషాలు ఎక్కువ పెట్టుకో. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర జర్మనీ పోలీసులు బండెక్కి కాగితాలు చూస్తారు. ఒక రోజు విహారమే కదా అని పాస్‌పోర్టులు ఇంట్లో వదిలి వెళ్లొద్దు.

వెనిస్‌లో పెట్టెలే సమస్య. ఆ ఊళ్లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, చాలావాటికి మెట్లే. గది చౌకగా దొరికిందని నాలుగు వంతెనల అవతల తీసుకుంటే నాన్నకు మొదటి గంటలోనే నడుం పోతుంది. రైలు దిగే సాంతా లుచియా స్టేషన్ బయటకొచ్చి ఎడమకు తిరిగితే లిస్తా ది స్పాన్యా అనే వీధి, మొదటి వంతెన వచ్చేదాకా చదునుగా ఉంటుంది. ఆ వీధిలో గది దొరికితే ధర కొంచెం ఎక్కువైనా తీసుకో. దొరక్కపోతే ఒక స్టేషన్ ముందున్న మేస్త్రేలో ఉండి, పది నిమిషాల రైల్లో రోజూ వచ్చిపో. రెండు స్టేషన్ల పేర్లలోనూ వెనిస్ అని ఉంటుంది, దిగాల్సినది ఏదో టికెట్టులో సరిచూసుకో. నీళ్ల బస్సు వపొరెట్టోకు ఒకసారి టికెట్టు 9.50 యూరోలు, డెబ్భై రెండు గంటలకు 45. మోకాళ్ల నొప్పి మనిషి ఉన్నప్పుడు రెండోది కొనడమే తెలివైన పని. ఏమీ తోచనప్పుడు ఎక్కి పెద్ద కాలవ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కూచుని తిరిగి రండి.

వెనిస్ నుంచి అంకోనాకు ఎక్కువగా బొలోన్యాలో బండి మారాలి, మొత్తం నాలుగు గంటలు. రిమినీ తర్వాత పట్టాలు సముద్రం పక్కనే పోతాయి, ఎడమవైపు సీట్లు చూసుకో. ఈ రోజు మాత్రం పొద్దున బండికే బయల్దేరండి. రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు. ఇక్కడ రైలు టికెట్టు వేరు, ఓడ టికెట్టు వేరు గనక ఎవరూ బాధ్యత తీసుకోరు. మధ్యాహ్నానికల్లా చేరిపోతే, ఓడ సాయంత్రం కదా, మిగిలిన పూట ఊరు చూసుకోవచ్చు.

కారు. ఇక్కడ నీకు కొంచెం కష్టమైన మాట చెప్పాలి. జర్మనీలో నివాసం మొదలయ్యాక మన లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. మీరొచ్చి పద్నాలుగు నెలలైంది. మీవారు ఇప్పుడు జర్మనీలో బండి తోలితే లైసెన్సు లేకుండా తోలినట్టే. వేరే దేశంలో కదా అని స్ప్లిట్‌లో తీసుకున్నా, ప్రమాదం జరిగిన రోజు బీమావాళ్లు మొదట అడిగేది అదే. అయిదుగురు ఇంటివాళ్లను ఎక్కించుకుని ఆ సాహసం చేయొద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను. నాన్న ఇండియాలో ఉంటారు గనక, ఆర్టీవో ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకుంటే సందర్శకుడిగా తోలే వీలుంది. కానీ అరవై నాలుగేళ్ల వయసులో, మోకాలి నొప్పితో, రోడ్డుకు కుడివైపున, తెలియని కొండదారిలో ఆయన మీద ఆ భారం పెట్టకు. ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు అద్దె కారులో అయిదుగురు కూచుంటే అయిదు పెట్టెలు పట్టవు.

దానికి బదులు స్ప్లిట్‌లో ఒక రోజుకు డ్రైవరుతో ఎనిమిది సీట్ల వ్యాను మాట్లాడుకోండి. పెట్టెలు గదిలోనే ఉంటాయి. పొద్దున షిబెనిక్ వెళ్లి పూర్తిగా రాతితో కట్టిన ప్రధాన చర్చి చూసి, అక్కణ్నుంచి క్ర్‌కా జలపాతాలు, సాయంత్రం తిరుగుదారిలో త్రోగిర్. మీవారికి కారు సరదా తీరనప్పుడు, జర్మనీ లైసెన్సుకు రాతపరీక్ష, నడిపే పరీక్ష ఇప్పుడే మొదలుపెట్టమను. వచ్చే ఏడు పనికొస్తుంది.

డుబ్రోవ్‌నిక్ స్ప్లిట్ నుంచి 230 కిలోమీటర్లు, రైలు లేదు. ఒక రోజులో పోయిరావడం పెద్దవాళ్లకు శిక్ష. అయినా చూడాలని నాన్న పట్టుబడితే స్ప్లిట్‌లో రెండు రాత్రులు తగ్గించి అక్కడ పెట్టండి, కానీ దారి జాగ్రత్త. తీరం వెంట పోయే పాత రోడ్డు నేఉమ్ దగ్గర కొద్ది దూరం బోస్నియాలోంచి పోతుంది. బోస్నియా షెంగెన్‌లో లేదు. ఒక్క ప్రవేశం వీసా ఉన్నవాళ్లు ఆ కొద్ది దూరం దాటినా వీసా అక్కడితో అయిపోయినట్టే. 2022 జులైలో పెల్యెషాచ్ వంతెన తెరిచారు, దాని మీదుగా పోతే క్రొయేషియాలోనే ఉంటారు. బస్సు టికెట్టు కొనేటప్పుడు, వ్యాను మాట్లాడుకునేటప్పుడు "వంతెన మీదుగానేనా" అని అడిగి తీరాలి. దారి చూపించే ఫోన్ దగ్గర తోవ అని నేఉమ్ వైపు తిప్పొచ్చు. మోస్తార్ విహారమని ఊరంతా బోర్డులు కనిపిస్తాయి, అదీ బోస్నియాయే.

స్ప్లిట్ నుంచి వియన్నాకు మాత్రం విమానమే. భూమార్గంలో ఒక రోజు పూర్తిగా పోతుంది, గాలిలో గంటా పావు. టికెట్టు ధర చూసేటప్పుడు పెట్టె ధర కలిపి చూడు. చవక టికెట్లలో సీటు కింద పట్టే సంచి ఒక్కటే ఉచితం, పెద్ద పెట్టెకు టికెట్టు కొన్నప్పుడే కట్టు, విమానాశ్రయంలో కడితే బాగా ఎక్కువ. కొన్ని చవక సంస్థలు యూరప్ పౌరులు కానివాళ్ల వీసా కౌంటర్‌లో చూసి సరేనంటే గాని ఎక్కనివ్వవు, ఇంట్లోనే చెకిన్ చేశాం కదా అని నేరుగా గేటుకు పోవద్దు. ఊరి పేరు చూసి మోసపోకు కూడా. మ్యూనిక్ పేరుతో అమ్మే మెమ్మింగెన్ విమానాశ్రయం ఊరికి 110 కిలోమీటర్లు. ఇప్పుడున్న నియమం ప్రకారం ఇలాంటి చిన్న ప్రయాణంలో విమానం మూడు గంటలు, ఆ పైన ఆలస్యమై, తప్పు సంస్థదైతే మనిషికి 250 యూరోల పరిహారం వస్తుంది. తుపానుకు రాదు.

వియన్నా గురించి ఎక్కువ చెప్పను, చెప్పడం మొదలుపెడితే ఆపలేను. రోజుల లెక్కన చెల్లే టికెట్టు కొని ట్రాముల్లో తిరగండి, ష్యోన్‌బ్రున్ తోటలోకి ప్రవేశం ఉచితం, నీళ్ల సీసాలు కొనకండి. 1873 నుంచి ఆ ఊరి కుళాయిల్లో ఆల్ప్స్ ఊటల నీళ్లే వస్తున్నాయి. అక్కణ్నుంచి మ్యూనిక్‌కు నేరు బండి, నాలుగు గంటలు. ఒక్కటి చూసుకో. సెప్టెంబర్ 15 దాటాక వచ్చే శనివారం మ్యూనిక్‌లో ఓక్టోబర్‌ఫెస్ట్ మొదలవుతుంది. ఆ రోజుల్లో మ్యూనిక్ చేరే బండ్లలో నిలబడే చోటు కూడా ఉండదు. మీ తిరుగు తేదీ దానికి ముందే పడితే మంచిది.

అమ్మ తిండికి హోటల్ గదుల కన్నా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు తీసుకోండి, అయిదుగురికి అదే చౌక కూడా. వాళ్లు ఇండియా నుంచి ఏం తెస్తారో ఇప్పుడే మాట్లాడు. పాలు, మాంసం, వాటితో చేసినవి సామానులో తేవడం ఐరోపా సమాఖ్యలో నిషేధం. నెయ్యి సీసా, పాలకోవా పట్టుకుంటే పారేస్తారు. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా తేకూడదు. ఆవకాయ, పొడులు, అప్పడాలు, చింతపండు గుజ్జు ఏ ఇబ్బందీ లేకుండా వస్తాయి. ప్రతి ప్రయాణం రోజూ పొద్దున పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టు. రైల్లో బల్ల ముందు కూచుని తింటే ఎవరూ ఏమీ అనరు. ఆదివారం జర్మనీ, ఆస్ట్రియాల్లో కొట్లు మూసేస్తారు, శనివారమే బియ్యం, పెరుగు తెచ్చుకోవాలి. మర్చిపోతే పెద్ద స్టేషన్లలో ఉండే కొట్లే దిక్కు.

పెట్టెల మాట కచ్చితంగా చెప్పు. వాళ్లు ఇండియా నుంచి తెచ్చిన పెద్ద పెట్టెలు మ్యూనిక్‌లో మీ ఇంట్లోనే ఉండాలి. వెనిస్ బయల్దేరేటప్పుడు మనిషికి ఒక చిన్న పెట్టె, పది కిలోల లోపు, ఎవరిది వాళ్లు ఎత్తగలిగినది. స్ప్లిట్ అపార్ట్‌మెంటులో బట్టలుతికే మెషిన్ ఉందో లేదో చూసుకుని తీసుకుంటే ఇది కష్టమేం కాదు. అమ్మ పట్టుచీర పెట్టుకుంటానంటే పెట్టుకోనీ. ఒక్కటే.

ఇక అత్తయ్యగారి భయం. నర్సాపురం నుంచి సఖినేటిపల్లి పంటు మీద కార్లు, మోటారు సైకిళ్లు కింద, మనుషులు వాటి పక్కనే నిలబడి గోదావరి దాటుతారు కదా, ఈ ఓడా అదే పని చేస్తుందని చెప్పు. లారీలు, కార్లు కింది కడుపులోకి పోతాయి, మనుషులకు పైన గదులు, పడకలు, స్నానాల గదులు, భోజనశాల. దాటేది నది కాదు గాని, పడుకుని లేచేసరికి ఒడ్డు వస్తుంది. సెప్టెంబర్ మొదట్లో ఏడ్రియాటిక్ చాలా రాత్రులు నిమ్మళంగానే ఉంటుంది. డెక్ మీద కుర్చీల టికెట్టు చౌక అని అది కొనకు. ఆడవాళ్లు ముగ్గురికీ నాలుగు పడకల గది ఒకటి, నాన్నకూ మీవారికీ రెండు పడకల గది ఒకటి తీసుకో. వీలైతే ఓడ మధ్యలో, కింది అంతస్తులో అడుగు, ఊపు అక్కడ తక్కువ. కళ్లు తిరగకుండా వేసుకునే మాత్ర ఆవిడ మందులకు పడుతుందో లేదో ఊళ్లోని డాక్టరునే అడిగి తెచ్చుకోమను. ఓడ కదిలాక కాదు, కదలకముందే వేసుకోవాలి. కింది పడక ఆవిడకివ్వండి. తెల్లవారి ఆరింటికి లేపి పై డెక్ మీదకు తీసుకెళ్లు. ఓడ రేవులోకి తిరుగుతుంటే ఎదురుగా స్ప్లిట్ చర్చి గంటల గోపురం, దాని చుట్టూ రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ క్రీ.శ. 305 ప్రాంతంలో కట్టించుకున్న కోట గోడలు కనిపిస్తాయి. ఆ గోడల లోపల ఇప్పటికీ సంసారాలున్నాయి, కిటికీలకు బట్టలు ఆరేసి ఉంటాయి. రేవు నుంచి ఆ గోడల దాకా పది నిమిషాల నడక, మెట్లు లేవు.